డాబా మీది రెండు పాచులు

వానలు వెనకపట్టగానే డాబా గీకడం నా పని. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ చెయ్యమని అడగలేదు. సెక్టర్ ఆరులో ఈ క్వార్టరుకి కాపరానికి వచ్చిన ఏడు నుంచీ నేనే చేస్తున్నాను. మాది రెండంతస్తుల బ్లాకు, నేనొక్కదాన్నీ పైన ఉంటాను. మెట్లెక్కితే డాబా. వానాకాలమంతా నీళ్ళు తాగి, ఆ తడి మీద స్టీలు ప్లాంటు దుమ్ము కూర్చుని, పిట్టగోడ పొడుగునా, నీళ్ళ ట్యాంకు దిమ్మ చుట్టూ పాచి పేరుకుపోతుంది. దసరా వెళ్ళిందంటే ఇనప అట్లకాడ, కొబ్బరి చీపురు, ముంతలో ఇంత సున్నం పట్టుకుని పైకెక్కుతాను. గీకి, కడిగి, ఆరబెడితే కార్తీకం ఎండలో గుమ్మడి వడియాలు పెట్టుకోవచ్చు. వడియాలు పాత చీర మీదే పెడతాం, నిజమే. కానీ ఆ చీర కింద పాచి ఉందని తెలిస్తే నాకు ముద్ద దిగదు.

పోయినేడు ఆ పని నా చేతిలోంచి పోయింది. నా మనవరాలు వద్దంది.

మా అమ్మాయి కూతురు. వాళ్ళిల్లు సెక్టర్ రెండులో. ఈ పిల్ల రాయపూర్‌లో హాస్టల్లో ఉండి మొక్కల చదువు ఎమ్మెస్సీ చదువుతోంది. సెలవురోజున ఇంటికొస్తే సగం పూట నా దగ్గరే ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి దాని నోట్లోంచి హిందీ ముందు వస్తుంది, తెలుగు వెనకాల పరిగెత్తుకొస్తుంది.

ఆ రోజు నేను అట్లకాడతో పైకెక్కేసరికి అది డాబా మీద బోర్లా పడుకుని ఉంది. కంటికి చిన్న భూతద్దం, ముక్కు పిట్టగోడకి ఆనించి. పడిపోయిందేమోనని గబగబా దగ్గరికి నడిచాను. నా అడుగుల చప్పుడు విని తల తిప్పకుండానే అరిచింది.

"ఛూనా మత్, అమ్మమ్మా! ముట్టుకోకు!"

"పాచిని ముట్టుకోక ముద్దెట్టుకోమంటావేటే?"

"ఇది పాచి కాదు. మాస్."

"పేరు మారిస్తే జారకుండా ఉంటాదేటి?"

అది నవ్వలేదు. లేచి కూర్చుని, మోచేతులకంటిన దుమ్ము నా చీరకే తుడిచి, నాకు పాఠం మొదలెట్టింది. మా డాబా మీద రెండు రకాలున్నాయట. పిట్టగోడ మీద, మిట్ట ఎండలో ఉన్నది ఒకటి. పొడిగా ఉన్నప్పుడు వెండి జలతారులా, బూడిద రంగులో మెరుస్తుంది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న వత్తులు చేసి పక్కపక్కన నిలబెట్టినట్టుంటుంది. ట్యాంకు నీడలో ఉన్నది రెండోది. ముదురాకుపచ్చ, ముఖమల్ గుడ్డలాగా. రెండూ ఒకే కుటుంబానివట.

"సగీ బెహనే సమఝ్ లో, అమ్మమ్మా. సొంత అక్కచెల్లెళ్ళు. కానీ ఒకటి కాదు."

నేను చదివింది అయిదో తరగతి, అదీ సగం. కానీ ఎండంటే ఏమిటో నాకు తెలుసు. "ఎండలో పడుంటే నా చీర కూడా వెలిసిపోద్ది. వెలిసినంత మాత్రాన అది వేరే చీర అయిపోద్దేటి? రెండూ ఒకటే పాచి. ఎండలో ఉన్నది వెలిసింది, నీడలో ఉన్నది వెలవలేదు. దీనికి ఎమ్మెస్సీ ఎందుకే?"

ఎప్పుడూ ఎదురు మాట్లాడే పిల్ల భూతద్దాన్ని చున్నీకి తుడుచుకుంది. "మా మేడమ్ కూడా ఇదే అన్నారు" అంది.

అప్పుడు చెప్పింది. దాని చదువులో ఆఖరి పని ఇదే. రెండింటినీ పోల్చి రాసివ్వాలి. వాళ్ళ మేడమేమో, ఇది ఎండా నీడా తేడా కాదని ముందు చూపించు, చూపించలేకపోతే ఇంకో విషయం వెతుక్కో అన్నారట. ఇంకో విషయమంటే మళ్ళీ వానలు పడాలి, మళ్ళీ మొలవాలి. తోటి పిల్లలంతా గట్టెక్కి వెళ్ళిపోతారు, ఇది ఇంకో ఏడు అక్కడే కూర్చోవాలి.

ఏడాది వృథా అనేసరికి నాకు ఒంటికి కారం రాసినట్టయింది. నా ఇంట్లో అగ్గిపుల్ల వృథా కాదు.

"అయితే ఏటి సేస్తావు?" అన్నాను.

"ఇల్లు మార్చేస్తాను. ఎండలోది నీడకి, నీడలోది ఎండకి. ఉత్త ఎండ సంగతే అయితే ఇది అదైపోవాలి, అది ఇదైపోవాలి."

ఈ ఆలోచన నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. "మన వడియాలూ, ఆ పక్క బ్లాకు ఛత్తీస్‌గఢీ ఆవిడ పెట్టే రఖియా బడీ చూడు. అదే బూడిద గుమ్మడికాయ, అదే మినప్పప్పు. పేరొకటే తేడా. నీ పాచి కూడా అంతే" అన్నాను.

"రుచి కూడా ఒకటేనా?"

దీని దగ్గర అబద్ధమాడలేను. మనవి పచ్చిమిరపకాయ, ఇంగువ వేసి పెట్టి, నూనెలో వేయించుకుని పప్పులో నంజుకుంటాం. ఆవిడవి పులుసు కూరలో ఉడికి, రసం పీల్చుకుని మెత్తగా ఉబ్బుతాయి. నా వడియం కూరలో వేస్తే విడిపోతుంది.

"సరేలే, కిందకి దిగు, ఎండెక్కుతోంది" అన్నాను.

దిగింది కానీ నా అట్లకాడ దానితోనే పోయింది. దాంతోనే పిట్టగోడ మీది పాచిని పెళ్ళల కింద లేపింది. ట్యాంకు దిమ్మ మీదిదీ లేపింది. కింద అంటుకున్న సిమెంటుతో సహా. మళ్ళీ పైకి వెళ్ళి చూద్దును గదా, ఆ పెళ్ళలు పెట్టింది దేంట్లో? నేను అన్నం తినే స్టీలు పళ్ళేల్లో.

"పాచి పెట్టడానికి నీకు కంచాలే దొరికాయేటే గుంటా!"

"రెండూ ఒకే సైజు, ఒకే లోతు ఉండాలి అమ్మమ్మా. ప్లాస్టిక్ అయితే వేడెక్కుతుంది. నీ దగ్గర సమానంగా ఉన్నవి ఇవే."

సమానంగా ఉన్న మాట నిజమే. ఒకదాని అంచు మీద మా ఆయన పేరు చెక్కి ఉంటుంది. ఆయన ప్లాంటులో రిటైరైన రోజు తోటివాళ్ళిచ్చిన పళ్ళెం. రెండోదాని మీద మా అన్నయ్య పేరు, మా అమ్మాయి బారసాలకి చదివించింది. ఇన్నేళ్ళుగా సొట్ట పడకుండా వాడుతున్నాను. ఇప్పుడు ఒకటి ట్యాంకు కింద నీడలో, ఒకటి పిట్టగోడ పక్క ఎండలో, రెండింట్లోనూ పాచి.

"రోజూ పొద్దున్న నీళ్ళు చల్లాలి. రెండింటికీ సమానంగా. నువ్వే చల్లాలి, నేను ఉండను కదా" అంది. "మిగతా డాబా కూడా గీకకు. చెట్టు మీదున్నవాటినీ చూడాలి, తెంపినవాటినీ చూడాలి."

"చెట్టా? దీన్ని చెట్టంటావా?"

"ప్లీజ్, అమ్మమ్మా."

అలా మొదలైంది నా అవస్థ. పొద్దున్నే కుళాయి నీళ్ళు పట్టుకోవడం అవగానే చెంబుతో పైకెక్కేదాన్ని. ఒక పళ్ళెంలో ఇంత, ఇంకో పళ్ళెంలో ఇంత. తర్వాత దిగిపోవాలి కదా, దిగబుద్ధయ్యేది కాదు. చుట్టూ గీకని డాబా. ఏటా ఈపాటికి తెల్లగా మెరిసే నేల పచ్చగా, నల్లగా, మచ్చలు మచ్చలుగా. నా చేతులు ఊరుకునేవి కాదు. కిందకొచ్చి మెట్లు కడిగేదాన్ని. కడిగిన మెట్లే మళ్ళీ కడిగేదాన్ని. కిటికీ చువ్వలు, తలుపు గడియలు, ఇత్తడి సామాను తోమి తోమి అరగదీశాను. మధ్యాహ్నం నడుం వాలిస్తే పైన పాచి పెరుగుతున్నట్టే ఉండేది. లేచి మళ్ళీ ఎక్కేదాన్ని, మోకాళ్ళు తిట్టుకుంటున్నా.

కింద ఇంట్లో ఉండే ఆవిడది శ్రీకాకుళం వైపు. నన్ను ఒదినా అంటుంది. మెట్ల మీద నా రాకపోకలు చూసి ఊరుకుంటుందా?

"ఏటొదినా, ఈయేడు పాచిని పెంచుతున్నావట! అమ్ముతావేటి?"

"నువ్వు కొంటావేటి?"

"నాకెందుకు తల్లీ, మా ఆయన గెడ్డం ఉంది కాదేటి. అది గీకలేక సస్తన్నాను."

ఆవిడ నవ్వుతూ పోయింది. నేను నవ్వలేదు. వడియాలకి గుమ్మడికాయ కొని తెచ్చి మంచం కింద పెట్టి ఉంచాను. డాబా ఎప్పుడు నా చేతికొస్తుందో తెలియదు. దాన్ని చూస్తే ఒక కంగారు, పైన పాచిని చూస్తే ఇంకో కంగారు.

కొన్నాళ్ళకి నేనన్నదే అయింది. ట్యాంకు కింద నీడలో పెట్టిన వెండి పాచి మెరుపు తగ్గి పచ్చబడింది. ఎండలో పెట్టిన పచ్చ పాచి పసుపు తిరిగి, పాలిపోయింది. నాకు ఎంత సంబరమంటే, మనవరాలు వచ్చిన రోజు చెప్పులు కూడా విప్పనివ్వకుండా పైకి లాక్కెళ్ళాను.

"చూశావా? ఏటన్నాను? ఇది అదైపోయింది, అది ఇదైపోయింది!"

దాని మొహం వాడిపోతుందనుకున్నాను, వాడలేదు. ఒక్కో పళ్ళెంలోంచి ఒక్కో పోచ చిమటాతో లాగి, గాజుముక్క మీద నీటిచుక్కలో పెట్టి, భూతద్దం నా చేతికిచ్చింది. శుక్లం తీయించుకున్న కన్ను దగ్గర పెట్టుకుని చూశాను. ముందు నా రెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత ఆకు కనిపించింది. ఆకంటే ఎంత, జీలకర్ర గింజ మొనంత. దాని నడిమధ్య ఒక నరం.

"పచ్చదాని నరం చూడు. ఆకు చివర దాటి బయటికొచ్చిందా?"

వచ్చింది. జాకెట్టు కుట్టాక దారం తెంపకుండా వదిలేసినట్టు, ఆకు కొస దాటి ముల్లులా పొడుచుకొచ్చింది.

"ఇప్పుడు వెండిదాన్ని చూడు. నరం చివరిదాకా పోదు, మధ్యలోనే ఆగిపోతుంది. ఆపైన ఆకంతా ఖాళీ గాజులా ఉంటుంది. ఆ గాజు మీద వెలుగు పడే వెండిలా మెరిసేది. రంగు మారింది అమ్మమ్మా. నరం మారలేదు."

కనిపించింది. కానీ కనిపించిందని దానికి చెప్పలేదు. "నా కళ్ళకి అంతా ఒకటే" అన్నాను.

"పరవాలేదు. మేడమ్ కళ్ళకి కనపడాలి" అని పళ్ళేలు సర్దింది. "కానీ ఇవి పాత ఆకులు, పాత చోటే పుట్టినవి. కొత్త చోట కొత్త ఆకులు పుట్టాలి. వాటి నరం కూడా ఇలాగే ఉంటే అప్పుడు నా మాట నిలుస్తుంది. పరీక్షలయ్యాక పళ్ళేలు తీసుకెళ్ళి చూపిస్తాను. అందాకా జాగ్రత్త."

జాగ్రత్త అని నాకు చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు, అదొక్కతే.

ఇక డాబాకి ఇంకో బాధ ఉంది. కారుతుంది. సరిగ్గా నా వంటింట్లో, గట్టు మీద. వాన పడితే బాల్చీ పెట్టుకుని వండుకోవాలి. ఎన్నో వానాకాలాలు అలాగే గడిపాను. అంతకు ముందేటి వానల తర్వాత బ్లాకువాళ్ళమంతా కలిసి ఒక ఠేకేదారుని మాట్లాడుకున్నాం. డాబా అంతా గీకి, తారు పోసి, పైన తారు పట్టాలు పరిచి అతికిస్తాడు. ఇవాళా రేపూ అంటూ తిప్పుతున్నాడు. ఇక రాడనే అనుకున్నాం.

వచ్చాడు. మనవరాలికి పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే, డ్రమ్మూ కట్టెలూ తారు చుట్టలూ వేసుకుని, మిస్త్రీని, పనివాళ్ళని దింపి వెళ్ళిపోయాడు. నేను పైకెక్కేసరికి మిస్త్రీ ఇనప గీకుడుబిళ్ళ పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు.

"ఠహరో, ఠహరో!" అన్నాను.

"మాతాజీ, క్యా హువా?"

నా హిందీ బజారు హిందీ. ఈ పాచి నా మనవరాలి చదువని, ఆమెకి ఫోన్ చేసి అడిగేదాకా ఆగమని ఎలాగో చెప్పాను. అతను పాచివైపు, నావైపు చూశాడు. దుర్గ్‌లో పెద్ద పని ఒప్పుకున్నామని, ఇవాళ ఇది మొదలుపెట్టకపోతే అక్కడికి వెళ్ళిపోతామని, ఈ వానలలోపు ఇటు రావడం కుదరదని మర్యాదగానే చెప్పాడు. మనవరాలి ఫోన్ కట్టేసి ఉంది. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. పరీక్ష హాల్లో ఫోన్ ఎవరు తీస్తారు?

డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. ఇటు వంటింటి గట్టు మీద బాల్చీ, అటు ఈ పిల్ల ఏడాది. బ్లాకు అందరి పనిని నేనొక్కదాన్ని ఆపగలనా? ఆపినా, వచ్చే వానల్లో కారే నీళ్ళకి ఎవరు జవాబు చెబుతారు? ఆఖరికి, దానికి ముఖ్యం పళ్ళేల్లో ఉన్నదే కదా, మిగతాది పోతే పోయిందని ధైర్యం చెప్పుకున్నాను.

"గీకండి" అన్నాను.

పళ్ళేలు రెండూ తీసుకుని మెట్ల గదిలోకి తెచ్చి పెట్టాను. అక్కడ కుదరలేదు, పనివాళ్ళు తారు బాల్చీలతో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒక చుక్క చిందిందంటే స్టీలుకి ఆ మరక జన్మలో పోదు. ఇంట్లో పెడదామంటే, అన్నం తినే కంచాల్లో పాచి కళ్ళెదుట కూర్చుంటే నేను ఓర్చలేను. పిడి విరిగిన ప్లాస్టిక్ టబ్బు ఒకటి పారెయ్యకుండా దాచి ఉంచాను, ఎప్పుడో పనికొస్తుందని. పనికొచ్చింది. రెండు పళ్ళేల్లోని పెళ్ళలూ దాంట్లోకి బోర్లించాను. కొన్ని విరిగాయి. మట్టి ముక్కలు విరక్క ఏం చేస్తాయి? వాటి మీద నీళ్ళు చల్లి, వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను. పళ్ళేలు తోమి, కడిగి, తుడిచి స్టాండులో నిలబెట్టాను. మనసు స్థిమితపడింది.

మళ్ళీ పైకెళ్ళాను. పనివాళ్ళు ఇష్టమొచ్చినట్టు గీకుతున్నారు, మూలల్లో వదిలేస్తున్నారు. ఒక కుర్రాడి చేతిలోంచి గీకుడుబిళ్ళ లాక్కుని ట్యాంకు దిమ్మ మూల నేనే గీకాను. ఎన్నాళ్ళ నుంచి చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయో, ఆ పాచి ముఖమల్ తివాచీలా చుట్టచుట్టుకుని లేస్తుంటే ప్రాణం హాయిగా అనిపించింది. తర్వాత పిట్టగోడ వైపు గీకితే అది లేవలేదు, పొడి పొడిగా రాలింది. అదే బిళ్ళ, అదే చెయ్యి. ఇన్నేళ్ళు గీకానే, ఒకటి చుట్టలా లేస్తుందని, ఒకటి పొడిలా రాలుతుందని ఎప్పుడూ పట్టించుకోలేదు. తారు పొగ కళ్ళల్లోకి కొట్టింది. కిందకి దిగిపోయాను.

సాయంత్రం మనవరాలే ఫోన్ చేసింది. "అమ్మమ్మా, ఎగ్జామ్ బాగా రాశాను. ఇన్ని మిస్డ్ కాల్సేంటి?"

డాబా సంగతి చెప్పాను. "పళ్ళేలు?" అంది.

"కడిగి పెట్టాను."

"కడిగి? అందులో ఉన్నది ఏం చేశావ్?"

"టబ్బులో ఉంది. ఎక్కడికీ పోలేదు. నీళ్ళు కూడా చల్లాను."

"రెండూ ఒకే టబ్బులోనా?"

"సొంత అక్కచెల్లెళ్ళన్నావు కాదేటి? ఒక టబ్బులో ఉండలేవేటి?"

అది నవ్వలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"తాతయ్య పేరున్న పళ్ళెంలో వెండిది, మావయ్యతాత పేరున్న దాంట్లో పచ్చది. గుర్తు అదే అమ్మమ్మా. పేపరు అంటిస్తే తడికి ఊడిపోతుందని పేర్లున్న పళ్ళేలు ఏరుకున్నాను. ఇప్పుడు ఏది ఏదో ఎలా చెప్పను?"

సమానంగా ఉన్నాయని తీసుకుందనుకున్నాను. పేర్లున్నాయని తీసుకుందని నాకు చెప్పలేదు.

"ఫొటోలు తీశావు కాదేటి?"

"తీశాను. కానీ విరిగిపోయాయంటున్నావు కదా. ఆకారాలు కలవవు."

"అయితే నరం చూసి వేరు చేద్దాం. భూతద్దం ఇక్కడే ఉంది. నరం బయటికొచ్చింది పచ్చది, రానిది వెండిది."

"నరం చూసి ఇది వెండిది అని నేనే చెప్పి, చూడండి మేడమ్, వెండిదాని నరం మారలేదు అని నేనే అంటే ఆవిడ నవ్వరా?"

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. కొట్టువాడు బెల్లాన్ని తూచిన రాయి సరైనదో కాదో అదే బెల్లంతో తూచి చూపిస్తే నేను ఒప్పుకుంటానా? కొట్టు ముందే నిలబడి నలుగురినీ పోగేస్తాను.

"రేపు మాట్లాడతాను" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న నీళ్ళు పట్టడం మర్చిపోయాను. టబ్బు ముందు నిలబడతాను, పొయ్యి దగ్గరకి వెళతాను, మళ్ళీ టబ్బు దగ్గరకి వస్తాను. అన్నీ ఒకే రంగు. పసుపు కలిసిన పచ్చ. రెండూ ఒకటేనని ఇన్నాళ్ళు వాదించినదాన్ని నేనే, ఇప్పుడు రెండు కావాలని కళ్ళు చించుకుంటున్నదాన్నీ నేనే. కిందింటావిడ చక్కెరకని వచ్చి సంగతి విన్నది.

"దీనికింత ఇదైపోతావేటొదినా? నువ్వే ఒకటేనన్నావు. సగం ఈ కంచంలో, సగం ఆ కంచంలో ఏసెయ్యి. ఆ మేడమ్‌కేటి తెలుస్తాది?"

"ఆవిడకి తెలీదు. మా గుంటకి తెలుస్తాది."

"అబ్బో" అని చక్కెర గిన్నె పట్టుకుని పోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. మనవరాలి గొంతు ఇవాళ వేరేగా ఉంది. ఏడుపు లేదు, తొందర ఉంది. "అమ్మమ్మా, పైన ఉన్నదాన్ని చూడొద్దు. కింద ఉన్నదాన్ని చూడు. పెళ్ళల అడుగున సిమెంటు ఉంటుంది కదా. పిట్టగోడది, ట్యాంకు దిమ్మది తేడా ఏమైనా ఉందా? నేను ఎప్పుడూ చూడలేదు. డాబా అంతా తారు పోసేశారు, ఇప్పుడు అక్కడ చూడ్డానికీ లేదు."

తేడా లేకేం?

మా ఆయన ఉన్నన్నాళ్ళూ దీపావళి ముందు పిట్టగోడకి సున్నం వేసేవారు. సున్నంలో బట్టల నీలం కలపమని నేనే పోరేదాన్ని. నీలం కలిపితే ఒక పూతే రెండు పూతల్లా తెల్లగా కనిపిస్తుంది, సున్నం కలిసొస్తుంది. "నీలం ఎక్కువై గోడకి జ్వరమొచ్చినట్టుంది" అని ఆయన విసుక్కునేవారు. ట్యాంకు దిమ్మకి మాత్రం వెయ్యనిచ్చేదాన్ని కాదు. అక్కడ ఎప్పుడూ నీళ్ళు కారతాయి, వేసిన సున్నమంతా కొట్టుకుపోతుంది, దండగ. అది ఉత్త సిమెంటు, గొట్టం తుప్పు కారి ఎర్రబడ్డ సిమెంటు. ఆయన పోయాక పిట్టగోడకి సున్నం పడలేదు. పాచి ఎక్కింది ఆయన వేసిన ఆఖరి పూత మీదే.

ఇదంతా చెబితే అది మధ్యలోనే అరిచింది. "తిప్పు, అమ్మమ్మా! జల్దీ తిప్పు!"

"ఉండవే, బేగి బేగి అంటే విరిగిపోతాయి."

కిటికీ వెలుగులో పాత పేపరు పరిచి, తలపిన్నుతో ఒక్కొక్క పెళ్ళనీ లేపి వెల్లకిలా తిప్పాను. మొదటిది బూడిద రంగు, అంచున తుప్పు ఎరుపు. అది ట్యాంకుది. రెండోది కూడా అదే. మూడోది తిప్పగానే పొరలు పొరలుగా తెలుపు, ఆ తెలుపులో పల్చటి నీలం, మా పాత గోడ రంగు. కాసేపు దాన్ని కింద పెట్టలేదు.

"దొరికిందా?" ఫోన్ అరుస్తోంది.

"దొరికింది" అన్నాను.

నీలం ఉన్నవన్నీ ఒక కుప్ప, తుప్పున్నవన్నీ ఒక కుప్ప. మరీ చిన్న ముక్కలకి అడుగే లేదు, ఉత్త పాచి. వాటిని దేంట్లో కలపాలో తెలియలేదు. "పచ్చగా ఉన్నాయి, ట్యాంకు వాటిల్లో ఏసెయ్యనా?" అన్నాను.

"వద్దు. తెలియనివాటిని తెలియనివిగానే ఉంచు."

దాని నోట ఆ మాట విని, ఈ పిల్ల కొట్లో మోసపోదు అనుకున్నాను.

స్టాండులోంచి పళ్ళేలు తీశాను. ఈసారి నన్నెవరూ అడగలేదు. నీలం పెళ్ళలు మా ఆయన పేరున్న పళ్ళెంలో, తుప్పు పెళ్ళలు మా అన్నయ్య పేరున్నదాంట్లో పెట్టాను. తెలియని ముక్కలు టబ్బులోనే ఉంచాను. మనవరాలు వచ్చేదాకా మళ్ళీ రేకు కంచంలోనే తిన్నాను.

అది వస్తూనే భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. అన్నం పెట్టినా లేవలేదు. నేను దాని వెనకాల తిరుగుతూ, గిన్నెలు అక్కడివి ఇక్కడ పెడుతూ, మాట కోసం చూస్తున్నాను. కొత్త ఆకులు వచ్చాయట. పిట్టగోడ పెళ్ళల మీద నీడలో పుట్టిన లేతాకులు పచ్చగానే ఉన్నాయి, కానీ నరం మధ్యలోనే ఆగిపోయింది. ట్యాంకు పెళ్ళల మీద ఎండలో పుట్టిన ఆకు పాలిపోయి ఉన్నా దారం బయటికొచ్చింది. అంతేకాదు, వాటిలో ఒకదాని మీద ఎర్రటి సన్నకాడ లేచి, చివర తలవంచుకున్న బుల్లి కాయ వేలాడుతోంది. దాని మెడ కాయకన్నా లావుగా ఉంది. అలాంటి మెడ వెండిదానికి రాదట.

"రా, చూడు" అని భూతద్దం నాకిచ్చింది.

చాలాసేపు చూశాను.

"ఏమంటావు?"

"రెండే" అన్నాను. "అన్నం తిను, చల్లారిపోయింది."

పళ్ళేలు రాయపూర్ వెళ్ళాయి. కిందింటావిడ దగ్గర అట్టపెట్టె అడిగి, పాత చీర ముక్కలు చుట్టూ కుక్కి నేనే సర్దాను. వాళ్ళ మేడమ్ పైనుంచీ చూశారట, తిప్పి అడుగునా చూశారట, గోడకి నీలమెందుకు వేశారని అడిగారట. పని కానియ్యమన్నారు. అయితే పళ్ళేలు అక్కడే ఉంచమన్నారు, రాయడం అయ్యేదాకా.

డాబా ఇప్పుడు నల్లగా, నున్నగా ఉంది. వంటింట్లో గట్టు మీద బాల్చీ అక్కర్లేదు. తారు వాసనకి వడియాలు అక్కడ పెట్టలేక, కిందింటివాళ్ళ వాకిట్లో పెట్టుకున్నాను. ఆవిడ ఇంకా అడుగుతుంది, పాచి అమ్మకం ఎంతవరకు వచ్చిందని. పొద్దున్న నీళ్ళు పట్టడం అవగానే నా కాళ్ళు చెంబుతో సహా మెట్లెక్కుతాయి. పైకెళ్ళి చూస్తే గీకడానికీ ఏమీ లేదు, తడపడానికీ ఏమీ లేదు. ఆ చెంబుడు నీళ్ళు వృథా చెయ్యకుండా కిందకి తెచ్చి తులసిలో పోస్తాను.

భోజనం వేళకి చెయ్యి స్టాండు వైపు పోతుంది. రెండు ఖాళీలు కనిపిస్తాయి. నిన్న ఉండబట్టలేక మనవరాలికి ఫోన్ చేశాను.

"నా పళ్ళేలు ఎప్పుడు తెస్తావే?"

"పై వారం, అమ్మమ్మా. పని అయిపోయింది. శుభ్రంగా తోమి, మెరిపించి తెస్తాను."

"తోమకు" అన్నాను. "ఎలా ఉన్నవి అలా తే."